గింత తెలుగు

మనుషుల్ని నమ్మకపోవడమే నా ఉద్యోగం. గుంటూరులో బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ చెక్కు మీది సంతకాన్ని మా దగ్గరున్న నమూనా సంతకంతో పోల్చి చూసేదాన్ని. కొడుకు తండ్రి సంతకం పెట్టిన కేసులు చూశాను. ఒకే మనిషి పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా పెట్టడమూ చూశాను. నన్ను చూసినప్పుడల్లా మా అత్తగారు "అనుమానం పెనుభూతం" అనేవారు. ఆవిడ ఎవరినీ ఉద్దేశించి అనలేదని మా ఆయన వాదన. అదీ నాకు అనుమానమే.

ఆయన ఉద్యోగం మూలాన అమెరికాలో మోరిస్‌విల్ వచ్చి పడ్డాక, పిల్లలకి సాకర్, అదే మన ఫుట్‌బాల్, నేర్పే ఒక క్లబ్బులో ఆఫీసు పని దొరికింది. పిల్లల్ని చేర్చుకోవడం, వయసులు సరిచూడడం, కోచ్‌లుగా వచ్చేవాళ్ళు చెప్పినవన్నీ నిజమో కాదో కనుక్కోవడం. ఇప్పుడు మీరు బ్యాక్‌గ్రౌండ్ చెక్ అని ఏదో బటన్ నొక్కి కాఫీకి వెళ్ళిపోతారు. అప్పట్లో ఫోన్లు చెయ్యాలి, అవతలివాడి గొంతు వినాలి, ఎక్కడ తడబడ్డాడో పట్టుకోవాలి. నాకది పండగలా ఉండేది.

మా డైరెక్టర్ అమెరికన్. ఆరడుగుల పైన మనిషి. కనిపించిన ప్రతివాణ్ణీ "బడ్డీ" అనేవాడు, నన్ను కూడా. ఒకరోజు ఒక దరఖాస్తు తెచ్చి నా ముందు పెట్టాడు. ఘనా దేశస్థుడు, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడాడు, ఎక్కడయ్యా అంటే ఇండియాలో. మొదట కలకత్తా, తర్వాత చాలా ఏళ్ళు హైదరాబాదు.

"మీ దేశంలో సాకర్ ఆడతారా, బడ్డీ?" అని అడిగాడు డైరెక్టర్.

"ఆడతారు. కానీ ఆఫ్రికా నుంచి ఇండియాకి వచ్చి ఆడడమేమిటి? కొబ్బరికాయలు కొనడానికి కాశ్మీరు వెళ్ళినట్టుంది," అన్నాను. కాశ్మీరు అంటే ఏంటో ఆయనకి చెప్పడానికి ఇంకాస్త టైము పట్టింది.

ఫోన్లు చేశాను. కలకత్తా నంబరు మోగుతూనే ఉండేది, ఎత్తే నాథుడు లేడు. హైదరాబాదులో ఆ టీముని నడిపినాయన ఒక కాంట్రాక్టరుట. టీము ఎత్తేసి, ఊరొదిలి వెళ్ళిపోయాడన్నారు. ఇంటర్నెట్‌లో వెతికితే పేరు స్పెల్లింగు ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఇండియా వీసాలున్న పాత పాస్‌పోర్టు అడిగితే పోయిందన్నాడు. నా వరకు అది దొంగ చెక్కే. కానీ డైరెక్టర్ అతన్ని గ్రౌండ్‌కి పిలిచి పిల్లలతో ఒక పూట ఆడించి చూశాడు, ఆఫీసుకి తిరిగొచ్చి "తీసుకుంటున్నాం" అన్నాడు. నా అనుమానం నా దగ్గరే ఉండిపోయింది.

మనిషి పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. కుడి మోకాలికి ఎప్పుడూ ఒక పట్టీ. పిల్లల మీద అరిచేవాడు కాదు. బంతి కాలికి తగలగానే కంగారుగా తన్నేసే పిల్లల దగ్గరికి వెళ్ళి, "అదేం కాలుతోందా? కాసేపు ఉంచుకో," అనేవాడు. పిల్లలు అతని వెనక కోడిపిల్లల్లా తిరిగేవారు. నేను మాత్రం అతను నా టేబుల్ దగ్గరికొస్తే సొరుగు మూసేదాన్ని.

శనివారం పొద్దున పిల్లల గుర్తింపు కార్డులు పట్టుకుని గ్రౌండ్‌కి వెళ్ళేదాన్ని. మన తెలుగువాళ్ళంతా ఒకే వరసలో మడత కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. ఫ్లాస్కుల్లో కాఫీ, డబ్బాల్లో ఇడ్లీ, ఒకటే కబుర్లు. ఒక సంగతి చెప్పాలి మీకు. పరాయి దేశంలో మనవాళ్ళకి ఉండే అతి పెద్ద ధైర్యం, ఎదుటివాడికి తెలుగు రాదన్న ధైర్యం. లిఫ్టులో పక్కనున్నావిడ బట్టల గురించి, కొట్లో ముందు నిలబడ్డవాడి లావు గురించి, ఆఖరికి నోట్లో చెయ్యి పెట్టిన డెంటిస్టు గురించి కూడా అతని ముందే మాట్లాడుకుంటాం.

ఆ వరసలో ఒక తండ్రి ఉండేవాడు. ఆర్‌టీపీ అని ఇక్కడ కంపెనీలన్నీ ఉండే పేటలో ఏదో కంపెనీకి మేనేజరు, నోరున్న మనిషి. వాళ్ళబ్బాయిని కోచ్ డిఫెన్స్‌లో పెట్టాడని కడుపు మంట.

"చూశారా ఆంటీ? మావాడు గోల్స్ కొట్టే పిల్లాడు. ఈ నల్లోడు తీసుకెళ్ళి వెనకాల నిలబెట్టాడు. ఇండియాలో ఆడాడంట. ఏ సర్కస్‌లో ఆడాడో!" అనేవాడు. కోచ్ పది అడుగుల దూరంలో గుర్తుకి పెట్టే ప్లాస్టిక్ కోన్లు సర్దుకుంటూ ఉండేవాడు. కుర్చీల వరస నవ్వేది.

"ఏంటా మాటలు? మనిషి అక్కడే ఉంటేనూ!" అని ఒకసారి కసిరాను.

"అర్థం కాదులెండి ఆంటీ," అన్నాడు.

అతను చేరిన రెండేళ్ళకి నాకు కొత్త అనుమానం మొదలైంది మాత్రం ఇంకో మాట దగ్గర. ఒక తల్లి నీళ్ళ సీసా ఇస్తూ పిల్లాడి చెవి దగ్గర వంగి, "కాలు నొప్పని సార్‌కి చెప్పకురా నాన్నా, ఆటలోంచి తీసేస్తాడు," అంది. కోచ్ వాళ్ళకి వీపు తిప్పి నిలబడి ఉన్నాడు. ఆట మొదలవగానే నేరుగా వచ్చి ఆ పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టి, బూటు విప్పి చీలమండ చూశాడు. తల్లి నోరు తెరుచుకుని ఉండిపోయింది. "ఎంత బాగా కనిపెడతాడో!" అని మెచ్చుకుంది కూడా. నేను మెచ్చుకోలేదు. అతను పిల్లాడి వైపు చూడనే లేదు, నేను చూశాను.

బ్యాంకులో ఒక పద్ధతి ఉండేది. మనిషి మీద అనుమానం వస్తే ఏమీ అడగం, ఊరికే ఏదో మాట్లాడుతూ చెయ్యి ఏం చేస్తుందో చూస్తాం. ఆ సోమవారం అతను ఆఫీసులో టీ కలుపుకుని తాగబోతున్నాడు. నేను ఫ్రిజ్ తలుపు తీసి, నాలో నేను అనుకుంటున్నట్టు, "అయ్యో, పాలు విరిగిపోయినట్టున్నాయే!" అన్నాను.

కప్పు పెదవుల దాకా వెళ్ళి ఆగిపోయింది. అందులోకి ఒక్కసారి చూసుకున్నాడు. వెంటనే సర్దుకుని, వేడిగా ఉందన్నట్టు ఉఫ్ అని ఊదాడు. కానీ తాగలేదు. పాలు శుభ్రంగా ఉన్నాయి.

నా అనుమానం తగ్గకపోగా రెట్టింపయింది. తెలుగు వచ్చినవాడు ఎందుకు దాస్తాడు? మనవాళ్ళు అన్న మాటలన్నీ పోగేసుకుంటున్నాడేమో? అమెరికాలో ఎవరైనా నోరు మూసుకుని వింటున్నారంటే నాకు ముందు లాయరే గుర్తొస్తాడు. క్లబ్బుని కోర్టుకీడుస్తాడు, పేపర్లో పడతాం, మనవాళ్ళ పరువు గంగలో కలుస్తుంది అని ఊహించుకుని రెండు రాత్రుళ్ళు నిద్ర పాడుచేసుకున్నాను. మా ఆయన, "నువ్వు పోలీసు డిపార్టుమెంటులో ఉండాల్సినదానివి," అన్నాడు. అది పొగడ్త అనుకోలేదు నేను.

ఇంతలో ఫిర్యాదు రానే వచ్చింది. ఆ మేనేజరు డైరెక్టర్‌కి పెద్ద మెయిల్ రాశాడు. ఈ కోచ్ ఇండియాలో ఆడినట్టు ఎక్కడా రికార్డు లేదు, దరఖాస్తులో అబద్ధం చెప్పినవాడి చేతిలో మా పిల్లల్ని ఎలా పెడతాం, అని. ఇంకొందరి చేత కూడా పేర్లు పెట్టించాడు. డైరెక్టర్ నన్ను పిలిచాడు. మొదటిసారి "బడ్డీ" అనలేదు.

"మీరు కనుక్కోగలిగారా?"

"లేదు."

"బుధవారం సాయంత్రం పేరెంట్స్‌తో మీటింగ్. అతను నిరూపించుకుంటే సరే. లేకపోతే అబద్ధం చెప్పినందుకు తీసెయ్యాలి. అదీ రాసి ఇవ్వాలి."

అలా రాసి ఇస్తే ఈ చుట్టుపక్కల ఇంకే క్లబ్బూ అతన్ని గడప తొక్కనివ్వదు. ఆ సంగతి నాకు తెలుసు. దరఖాస్తులో రాసినట్టు, ఇక్కడ చేరక ముందు చేసిన గోడౌన్ పనికే మళ్ళీ పోయి పెట్టెలు మోసుకోవాలి, ఆ మోకాలితో.

మంగళవారం నాడు గ్రౌండ్ పక్కనున్న సామాన్ల గదిలో బంతులకి గాలి కొడుతున్నాడు. గుమ్మంలో నిలబడి తెలుగులోనే అడిగేశాను.

"నీకు తెలుగు వచ్చు కదూ?"

పంపు ఆపలేదు. బంతి గట్టిపడ్డాక నొక్కి చూసి పక్కన పెట్టాడు.

"ఒస్తది," అన్నాడు.

అనుమానించడం వేరు, చెవులారా వినడం వేరు.

"పాలకాడ దొరికిన్నా అమ్మా?"

"పాల దగ్గరే."

"నేన్ గూడ గదే అనుకున్న," అని నవ్వాడు. ఘనా మనిషి నోటి నుంచి నల్లగొండ తెలుగు! నేను గుంటూరుదాన్ని, నాకే రాదు ఆ యాస.

"ఎవరు నేర్పారు?"

"మా టీముకు వండిపెట్టెటామె, నల్లగొండ దిక్కామె. ఆమెకు ఇంగ్లీష్ రాదు, నాకు తెలుగు రాదు. ఆకలైతె అడగాలె గద? అట్ల వొచ్చింది. మోకాలు పోయినంక మూడు నెల్లు మంచంల పడ్డ. ఓనరు వొచ్చి సూడలే. ఆమెనే అన్నం పెట్టింది. గల్లీలకు పోతె అందరు ఏదో ఒకటి అంటుండె. ఇంట్లకొస్తె ఆమె 'బిడ్డా' అంటుండె."

నేను కరిగిపోయానని అనుకోకండి. అసలు ప్రశ్న ఇంకా అడగలేదు.

"మరి ఎందుకు దాచావు? లాయరు దగ్గరికి వెళ్తున్నావా?"

అతను బంతుల సంచీ మీద కూలబడి పడీ పడీ నవ్వాడు.

"లాయరా! అమ్మా, నాకు లాయరెక్కడిది? మొదటి దినం ఒకామె నన్ను జూసి ఒక మాటన్నది. ఇప్పుడు తెలుగుల మాట్లాడితె ఆమె సిగ్గుపడ్తది, పోనీలే అనుకున్న. తెల్లారి ఇంకొకలు అన్నరు. ఇట్లనే రెండేండ్లయింది. ఇగ ఎట్ల చెప్త?"

"రేపు చెప్పు. రెండు ముక్కలు మాట్లాడావంటే నువ్వు అబద్ధమాడలేదని తేలిపోతుంది."

"తేల్తది. రెండేండ్ల సంది అన్నీ విన్ననని గూడ తేల్తది. సిగ్గైనోడు ఊకుంటడా? కోపం పెట్టుకుంటడు. పిల్లలను తీస్కపోతరు. పిల్లలు లేకుంటె నన్ను క్లబ్బు ఏం జేస్కుంటది?"

"మాట్లాడకపోతే?"

"అబద్ధాలోణ్ణయిత."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇన్నేళ్ళలో ఎంతోమంది దొంగల్ని పట్టుకున్నాను కానీ, నిజం చెప్తే మునిగేవాణ్ణి చూడడం అదే మొదలు. "పోనీ నేను చెప్తాను," అన్నాను.

"వద్దమ్మా. నువ్వు చెప్తె గూడ అంతే గద. నా మీద ఒట్టు, చెప్పకు."

ఒట్లు పెట్టడం కూడా ఆ వంటావిడే నేర్పి ఉంటుంది. సరేనన్నాను.

బుధవారం ఆఫీసులో పొడవు బల్ల చుట్టూ కూర్చున్నాం. అవతలి వైపు తల్లిదండ్రులు, ఇవతల డైరెక్టర్, నేను. చివర్న కోచ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మేనేజరు ఇంగ్లీషులో దంచేశాడు. ఇంటెగ్రిటీ అన్నాడు, రోల్ మోడల్ అన్నాడు. మధ్యలో భార్య వైపు వంగి తెలుగులో, "చూస్తా ఉండు, ఇవాళ వీడి సర్కస్ బయటపడిపోద్ది," అన్నాడు. కోచ్ గోడ మీది గడియారం కేసి చూస్తున్నాడు. అతని చెవి కింద నరం కదలడం నాకు కనిపించింది.

తర్వాత ఆ తండ్రి నా వైపు తిరిగాడు. "ఆంటీ, మీరు మనవాళ్ళు. మీరు చెప్పండి. వీడు అసలు మన దేశంలో అడుగు పెట్టాడంటారా?"

ఒట్టు గొంతుకి అడ్డం పడింది. "నేను నిరూపించలేకపోయాను," అన్నాను. అందులో అబద్ధం లేదు.

"మరింకే! అన్నేళ్ళు హైదరాబాద్‌లో ఉంటే ఏదో ఒక ముక్క వచ్చి ఉండాలి కదా," అని డైరెక్టర్ వైపు తిరిగి ఇంగ్లీషులో అదే చెప్పాడు. అక్కడి భాష ఏదైనా సరే, ఒక్క వాక్యం మాట్లాడమనండి, అన్నాడు.

అందరూ కోచ్ వైపు చూశారు. అతను నా వైపు చూశాడు. మాట్లాడితే ఒక చావు, మాట్లాడకపోతే ఇంకో చావు.

అతను గొంతు సవరించుకున్నాడు. ఏదో బాగా కష్టపడి గుర్తు తెచ్చుకుంటున్నట్టు నుదురు ముడిచాడు. నోట్లో గులకరాళ్ళు పోసుకున్నట్టు నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా అన్నాడు.

"గిన్... గింటా... పప్... పప్పెయ్యి."

క్షణం పాటు ఎవరికీ అర్థం కాలేదు. వెనక కుర్చీలో ఇంతసేపూ నోరు విప్పని ఒకాయన ఎగిరి లేచాడు. "గింత పప్పెయ్యి! అరే భాయ్, ఇది మా దిక్కు మాట! మా నల్లగొండోళ్ళ మాట! హైదరాబాద్ల ఉండకుంటె ఇదెక్కడ దొరుకుతదివయ్యా, గూగుల్లనా?"

గది ఘొల్లుమంది. "ఇంకోసారి, ఇంకోసారి!" అని చప్పట్లు కొట్టారు. అతను ఇంకోసారి అన్నాడు, ఈసారి ఇంకా అధ్వాన్నంగా. మరేమైనా వచ్చా అని అడిగితే సిగ్గుపడినట్టు తల అడ్డంగా ఊపి, "అన్నం... మంచినీల్" అని వేళ్ళు లెక్కపెట్టి, అంతే అన్నట్టు చేతులు తిప్పేశాడు. నిన్న సామాన్ల గదిలో గలగలా మాట్లాడిన మనిషేనా! సంతకాలు చూసిన కళ్ళు నావి. అసలు మనిషే తన సంతకాన్ని కావాలని వంకరగా పెట్టడం నేను ఆ రోజే చూశాను. ఎంత తెలుగు బయటపెడితే ఉద్యోగం నిలుస్తుందో, ఎంత దాస్తే వాళ్ళ పరువు నిలుస్తుందో, అంతే కొలిచి పెట్టాడు.

"ఏమన్నాడు?" అని డైరెక్టర్ నన్నడిగాడు. కాస్త పప్పు వెయ్యమన్నాడని చెప్పాను. ఆయన ఫైలు మూసేశాడు. "పప్పు గురించి ఎవరూ అబద్ధం చెప్పరు, బడ్డీ."

అందరూ కోచ్‌తో చేతులు కలిపి వెళ్తున్నారు. మేనేజరు కూడా భుజం తట్టాడు. వెనక్కి తిరిగి తెలుగులో, "పోన్లే, ఈ నల్లోడికి గింత వచ్చు!" అని జోకేశాడు. అప్పుడు వచ్చింది నాకు ఒళ్ళు మంట. తన పరువు ఆ మనిషి అంత జాగ్రత్తగా కాపాడితే, గుమ్మం దాటక ముందే మళ్ళీ అదే మాట! అతన్ని తలుపు దగ్గర ఆపాను.

"ఏం ఆంటీ, నిజంగానే ఉన్నాడన్నమాట ఇండియాలో," అన్నాడు.

"ఉన్నాడు. ఏళ్ళ తరబడి ఉన్నాడు."

"వీడికి వచ్చింది ఆ ఒక్క ముక్కే అంటారా?"

నేను చెప్పనని ఒట్టేశాను. అనుమానించనని వెయ్యలేదు.

"ఏమో నాయనా. అన్నేళ్ళు ఉన్న మనిషి. నేను మాత్రం ఆయన ముందు ఇంగ్లీషులోనే మాట్లాడతాను. ఎందుకైనా మంచిది."

ముందు నవ్వాడు. తర్వాత నవ్వు సగంలో ఆగింది. రెండేళ్ళ శనివారాలు ఒక్కొక్కటే అతని మొహం మీద కనిపించాయి. కత్తి వేటుకి నెత్తురు చుక్క లేదు. కారు దాకా వెళ్ళి, తాళం తియ్యకుండా అలాగే నిలబడ్డాడు.

కొడుకుని మాత్రం క్లబ్బు నుంచి తీసెయ్యలేదు. తీసేస్తే ఒప్పుకున్నట్టే కదా! పైగా అనుమానం అంటుజబ్బు. ఎవరెవరికి చెప్పాడో, ఎలా చెప్పాడో నాకు తెలీదు. ఆ పై శనివారానికి కుర్చీల వరస మొత్తం ఇంగ్లీషులోకి మారిపోయింది. "గుడ్ మార్నింగ్, కోచ్" అని లేచి నిలబడుతున్నారు. ఇడ్లీ డబ్బా ముందు ఆయనకే అందుతోంది. పిల్లల్ని కూడా "కమాన్, బడ్డీ!" అని ఇంగ్లీషులోనే పిలుస్తున్నారు. ఒకావిడ చట్నీ మూత ఊడితే "అయ్యో" అనబోయి, నాలిక్కరుచుకుని "ఓ గాడ్" అంది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. ఒట్టూ తప్పలేదు, నోళ్ళూ మూయించాను. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తే, మొదటిసారి "శభాష్" అన్నాడు.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం కోచ్ ఆఫీసుకి వచ్చాడు. జెర్సీల గురించి ఏదో అడిగాడు. ఆ జవాబు అతనికి ముందే తెలుసని నాకు తెలుసు. వెళ్ళకుండా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. గదిలో ఎవరూ లేరని చూసుకుని నెమ్మదిగా అన్నాడు.

"గ్రౌండ్ల ఎవ్వలు తెలుగు మాట్లాడ్తలేరమ్మా."

"మంచిదేగా? తిట్లు తప్పాయి."

"తప్పినయ్. తిట్లేముంది అమ్మా, మస్తు విన్న. కని గా తిట్ల నడుమనే ఒకామె పోరణ్ణి నీళ్ళు తాగు బిడ్డా అంటుండె. ఇంకొకామె చలి పెడ్తది, టోపీ పెట్టుకో నాన్నా అంటుండె. నేను గవి ఇంటుంటి. వంటామె ఫోను కలిసి శాన దినాలయింది. నంబరు మారిందో, ఏమైందో. తెలుగంటె నాకు గా గ్రౌండే ఉండె."

ఎవరి నోళ్ళు మూయించానో అప్పుడు తెలిసింది.

"నీకు పనున్నదా అమ్మా ఇప్పుడు?"

"లేదు."

"అయితె ఏమన్న మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"ఏదైతేంది."

పొద్దున లేస్తే నోరు మూతపడని దాన్ని నేను. ఆ పూట వెతికితే ఒక్క మాట దొరకలేదు. చివరికి, మా వెనక వాకిట్లో కుండీల్లో వేసిన గోంగూర మొన్నటి మంచుకి ఎలా మాడిపోయిందో, ఆకు కొయ్యమంటే మా ఆయన రేపు రేపంటూ ఎలా వాయిదా వేశాడో చెప్పడం మొదలుపెట్టాను. అతను కుర్చీ దగ్గరికి జరుపుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు.